ఉండి లాకుల దగ్గర

రొయ్యల మేత కొట్టు మీద గది మాది.
మెట్లెక్కేసరికి బట్టలకి ఆ వాసన,
దిగేసరికి అది మనకే తెలియదు.
అక్కడ కూర్చుని నేను రాసేది
చెరువుల్లో ఏరేటర్లు తిప్పే సాఫ్ట్‌వేర్‌కి
వాడుక పుస్తకం.

ఆక్సిజన్ మూడుకి పడితే ఏం చెయ్యాలో రాస్తాను.
ఆ మూడు ఎందుకు మూడో నేను చెప్పలేను.
ఎవరో ఏళ్ళ తరబడి కొలిచి
ఎక్కడో తమ పుటలో పెట్టుకున్న సంగతి అది.
కాబట్టి వేలు చూపిస్తాను:
అటు చూడుము.

నల్ల తెర మీద ఒక్క వరుస కొడతాను.
చిన్న పనిముట్టు. బొమ్మల్లేవు, బొత్తాల్లేవు.
అది పరాయి గ్రంథాల గడపకి వెళ్ళి
గ్రంథం అడగదు,
పేర్ల జాబితా మటుకు అడిగి తెస్తుంది,
ఏ పేరు ఏ పుటలో కాపురముందో.
ఇక నేను పేరు రాస్తే చాలు, దారి అదే వేస్తుంది.
శుభలేఖలు పంచే మనిషికి
డోర్ నంబర్లెందుకు?
"రేవు పక్క కుట్టుమిషనావిడ" అంటే
సైకిలు దానంతటదే అటు తిరుగుతుంది.

కిటికీలోంచి లాకులు కనపడతాయి.
లస్కరు ఏసుపాదం గారి రిజిస్టరు ఒకసారి తిరగేశాను,
అట్ట ఊడి, దారం వేలాడుతూ.
పొద్దున్న ఆరు, సాయంత్రం ఆరు,
అడుగులు, అంగుళాలు.
ప్రతి పుటకీ అంచున ఒకటే మాట:
పై లాకు లెక్క చూడుము.

పై లాకు లెక్కలో ఏముంటుందండీ?

"దాని పై లాకు చూడుమని ఉంటదమ్మా.
అలా పోతా పోతా ధవళేశ్వరం."
బీడీ ఆర్పి చెవి వెనక పెట్టుకున్నాడు.
"అందుకే చక్రం తిప్పే ముందు ఫోను చేస్తాను.
కాయితంలో నీళ్ళున్నాయని
కాలవలో ఉండాలా ఏంటి?"

శ్రావణంలో ఒక రాత్రి. మబ్బు. ఆకు కదలని ఉక్క.
రెండున్నరకి ఫోను,
చెరుకువాడ నుంచి, చెరువు కాపలా కుర్రాడు దుర్గేశు.
"మేడం, మీటరు రెండూ ఎనిమిది చూపిస్తంది.
రొయ్య పైకి తేలిపోతంది.
మీ పుస్తకం అటు చూడమంది.
నొక్కితే తెల్లగా వస్తంది, అంతే."

తెల్లగా. మధ్యలో ఒక్క ముక్క, దొరకలేదని.
ఆ పుట ఎప్పుడు ఎత్తేశారో.
మాకు కబురు పెట్టడానికి
వాళ్ళకీ మాకూ చుట్టరికమా ఏమన్నానా?

పాల లెక్క రాసుకునే నోటుబుక్కు వెనక అట్ట మీద
ఎప్పుడో చేత్తో ఎక్కించుకున్న పట్టిక దొరికింది.
చదివాను. వాడు పరిగెత్తాడు.
ఫోనులో ఏరేటర్లు ఒక్కొక్కటే లేచాయి
నీళ్ళని బాదుకుంటూ.
తెల్లారేదాకా ఇద్దరం ఫోను పెట్టెయ్యలేదు,
మాట్లాడుకోనూ లేదు.

రెండో చెరువు దక్కలేదు.

మర్నాడు అదే పనిముట్టుని ఇంకో వరుస కొట్టి అడిగాను.
రెండువందల పధ్నాలుగు చోట్ల వేలు చూపించానట
ఆ పుస్తకంలో.
పదకొండు గాల్లోకి.

ఇప్పుడది రోజూ రాత్రి
కొట్టు షట్టరు దించాక తనంతట తనే లేచి
గడప గడపా తట్టి వస్తుంది.
ఉన్నారా, ఉన్నారా.
పట్టిక మటుకు తెచ్చి మా పుటలోనే అచ్చేశాను,
ఎవరి కష్టమో కింద రాసి.
వెగేశ్న గారన్నారు, పుస్తకం బరువెక్కుతోందమ్మా అని.
ఎక్కనివ్వండి అన్నాను.
గొంతు కాస్త పెద్దదే అయింది.

ఈ ఊరికొచ్చిన కొత్తలో
బస్సు బోర్డు చూసి నవ్వుకునేదాన్ని:
ఉండి, అట.
వాక్యం సగంలో దిగిపోయినట్టు.
ఉండి, ఏం చేసినట్టు?

నిన్న సాయంత్రం లాకుల మీద నిలబడి
ఏసుపాదం గారి భుజం మీదుగా చూశాను.
పై లాకు లెక్క చూడుము,
దాని పక్కనే, చీమలంత అక్షరాలతో,
తారీకు వేసి, టైము వేసి:

చూచితిని. ఉన్నవి.